చన్నీటిలో పొడి చేతులు

ఫ్లోరిడాలోనో, హవాయిలోనో వెచ్చని సముద్రంలో స్కూబా డైవింగు నేర్చిన మన పిల్లలు ఆ విద్యను మిషిగన్ ప్రాంతపు సరస్సులలో ప్రయోగించబోతే మొట్టమొదట మొరాయించేవి చేతులు. సుపీరియర్ సరస్సు అడుగునీరు నడివేసవిలో కూడా 4 డిగ్రీల సెల్సియస్ దరిదాపులలోనే ఉంటుంది. నీటికి ఆ ఉష్ణోగ్రత వద్దనే సాంద్రత గరిష్ఠం. కనుక బరువైన ఆ నీరు అడుగున చేరి అక్కడే నిలుస్తుంది. ఐల్ రాయల్ చుట్టూ మునిగిన ఓడలు, హ్యూరాన్ సరస్సులో 2000లో ఏర్పడిన థండర్ బే రక్షిత ప్రాంతంలోని ఓడలు ఇన్నేళ్ళుగా చెక్కుచెదరక నిలవడం ఈ చల్లని మంచినీటి పుణ్యమే. ఓడలను కాపాడిన ఆ చలి మనిషి వ్రేళ్ళను మాత్రం కాపాడదు.

నీటి ఉష్ణవాహకత గాలి కంటె సుమారు 23 రెట్లు ఎక్కువ. వ్రేళ్ళ ఘనపరిమాణం స్వల్పం, ఉపరితలం అధికం. పైగా చలి సోకగానే దేహం లోపలి వేడిని కాపాడుకొనే యత్నంలో చేతుల రక్తనాళాలను కుదించివేస్తుంది. చర్మం 15 డిగ్రీలకు దిగేసరికి వ్రేళ్ళ నైపుణ్యం సన్నగిల్లడం మొదలవుతుంది. వాల్వు త్రిప్పడం, బకిలు విప్పడం, తోటివానికి గాలి అందించడం, ఇవన్నీ వ్రేళ్ళతో చేయవలసినవే కదా! కనుక ఇది కేవలం సుఖానికి సంబంధించిన విషయం కాదు.

డ్రైసూటు దేహానికి నీరు తగలనివ్వదు. మెడవద్ద, మణికట్లవద్ద లేటెక్సు లేక సిలికోను సీళ్ళు చర్మాన్ని అంటిపెట్టుకొని నీటిని ఆపుతాయి. మణికట్టు దాటిన చేయి మాత్రం నీటిపాలే. దానికి సాధారణంగా నియోప్రీన్ తొడుగు వాడతారు. ఈ రబ్బరు 1930లో డ్యూపాంట్ కంపెనీలో, కరోథర్స్ బృందంలో పనిచేసిన ఆర్నాల్డ్ కాలిన్స్ చేతిలో పుట్టినది. తొడుగులోని వెచ్చదనమంతా రబ్బరులో చిక్కుకొన్న వాయుబుడగలది. లోతుకు పోయినకొద్దీ ఆ బుడగలు నలిగి తొడుగు పలచబడుతుంది. అంటే చలి హెచ్చిన చోటనే రక్షణ తగ్గుతుందన్నమాట.

దీనికి విరుగుడు పొడి తొడుగు. సూటు చేతి చివర ఒక గట్టి కడియం, తొడుగుకు మరొక కడియం, రెంటి నడుమ ఓ-రింగు. ప్రెషర్ కుకర్ మూతలో గాస్కెట్టు చేసే పనే ఇది. ఓ-రింగు మీద ఒక్క తలవెంట్రుక పడినా చాలు, నీరు దారి చేసుకొంటుంది. తొడుగు లోపల ఉన్ని చేజోడు, దాని పోగుల నడుమ గాలి. వెచ్చదనం ఇచ్చేది ఆ గాలియే.

ఇక్కడ బాయిల్ సూత్రం అడ్డు తగులుతుంది. మంచినీటిలో 34 అడుగుల లోతున పీడనం రెట్టింపై తొడుగులోని గాలి సగమవుతుంది. సూటులోనికి సిలిండరు నుండి గాలి నింపుకొనవచ్చును. కాని మణికట్టు సీలు ఆ గాలిని చేతిలోకి పోనివ్వదు. తొడుగు చేతిని నొక్కివేస్తుంది. అందుచేత సీలు క్రింద సన్నని గొట్టమో, త్రాడు ముక్కయో దూర్చి గాలికి దారి కల్పిస్తారు. సీలును పూర్తిగా తీసివేసేవారూ ఉన్నారు. అప్పుడు ఓడ రేకు గీసుకొని తొడుగు చిరిగితే నీరు భుజం వరకు, ఆపైన సూటంతటా ప్రాకుతుంది. సీలు ఉంచడమే మేలని నా అభిప్రాయం. గొట్టం వెంట కొంత నీరు వచ్చినా ఆ ప్రవాహం సన్ననిది, పైకి రావడానికి వ్యవధి చిక్కుతుంది.

మరొక సంగతి. సూటు వాల్వు మొరాయించినప్పుడు మణికట్టు సీలును వ్రేలితో లాగి గాలి వదలడం పాత ఉపాయం. పొడి తొడుగు బిగించిన తరువాత ఆ ఉపాయం చెల్లదు.

సూటులోని గాలి ఎంతటి ప్రాణావసరమో 2020 నవంబరు 1న మొంటానాలోని లేక్ మెక్‌డొనాల్డ్‌లో తెలిసివచ్చింది. డ్రైసూటులో దిగిన 18 ఏళ్ళ అమ్మాయి అక్కడ శిక్షణలో మరణించింది. సూటుకు గాలి అందించే గొట్టం అమర్చబడలేదు; లోతు పెరిగేకొద్దీ సూటు ఆమెను బిగించివేసింది. అందులో పొడి తొడుగుల ప్రసక్తి లేదు గాని, సూత్రం ఒక్కటే. మీ అమ్మాయియో అబ్బాయియో ఇలాంటి శిక్షణకు వెళ్ళేటట్లయితే, సూటుకు గొట్టం అమరిందా, ఆ అమరికను ఒడ్డునే పరీక్షించారా అని అడగడానికి మొగమాటపడవద్దు.

రసాయనశాస్త్రజ్ఞునిగా రెండు మాటలు. లేటెక్సు అణుశృంఖలంలోని ద్విబంధాలను ఓజోను తెంచుతుంది. విద్యుత్ మోటారులు కొద్దిగా ఓజోనును పుట్టిస్తాయి. అందుచేత ఈ సామగ్రిని బేస్‌మెంటులో ఫర్నేసు ప్రక్కన వ్రేలాడదీయరాదు. పెట్రోలియం జెల్లీ పూస్తే లేటెక్సు ఉబ్బి బలం కోల్పోతుంది. సిలికోను సీలుకు ఓజోను భయం లేదు గాని, అది తేలికగా చిరుగుతుంది. సిలికోను గ్రీజును సిలికోను ఓ-రింగుకు పూయరాదు. ఒకే జాతివి కావడంచేత గ్రీజును పీల్చుకొని రింగు ఉబ్బుతుంది.

మొదటిసారి ఈ తొడుగులను ఈతకొలనులోనే ధరించి బకిళ్ళు, వాల్వులు త్రిప్పి చూసుకొనాలి. దిగబోయే ముందు చేతులు పైకెత్తితే సూటులోని గాలి తొడుగులలోనికి ఎక్కుతుంది; వ్రేళ్ళు ఆవు పొదుగులా ఉబ్బి చూసేవారికి నవ్వు తెప్పిస్తాయి. పడవలో ఒక జత నియోప్రీన్ తొడుగులు కూడా వెంట ఉంచుకొంటే, కడియం పగిలిన రోజున ప్రయాణం వృథా పోదు.