వేగము గల కారు – రబ్బరు పట్టీ

మిత్సుబిషివారి లాన్సర్ ఎవల్యూషన్ చూపునకు నాలుగు తలుపుల చిన్న కారే. కాని 1992లో ర్యాలీ పందెములకై జపానులో పుట్టినది. తొమ్మిదవ తరము వరకు దాని ఇంజను 1,997 ఘన సెంటీమీటర్లది. బలమంతయు టర్బోవలన వచ్చినదే. నేడు అట్టి పాతబండిని కొనగోరు యువకులు అశ్వశక్తి నడుగుదురు గాని, టైమింగు బెల్టును ఎప్పుడు మార్చిరని యడుగరు.

పిస్టనులకును వాల్వులకును లయ తప్పనీయనిది ఈ పళ్ళ రబ్బరు పట్టీయే. అది తెగెనా, పిస్టనులు తగిలి వాల్వులు వంగిపోవును. సుమారు 96,000 కిలోమీటర్లకు మార్పవలెను. ప్రక్కనే ఇంజను అదురును తగ్గించు షాఫ్టులకు మరియొక చిన్న పట్టీ కలదు. చిన్నదే కదా యని విడువరాదు. అది తెగి పెద్దదానిలో చిక్కుకొన్నను అదే గతి. బేరమునకు కుమారునితో వెళ్ళు తండ్రి మొదట ఆ రసీదు నడుగవలెను. లేదందురా, రెండు పట్టీల మార్పు ఖర్చును ధరలో తగ్గింపుమనుటయే న్యాయము.