సరిహద్దు ఇళ్ళలో దూరదర్శన్ గుర్తు

బెంగళూరులోని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పేరులో మన సరిహద్దు ఊరొకటి దాగి ఉన్నది. ఆ మూడక్షరాలు హోసూరు, సర్జాపురం, రోడ్డు అనే మాటలకు సంక్షిప్తాలు. కుప్పం, హిందూపురం, మదనపల్లె, ముళబాగిలు ప్రాంతాల నుండి ఉద్యోగాలకై వెళ్ళిన యువతీయువకులు అనేకులు నేడు అక్కడి అద్దె గదులలో నివసిస్తున్నారు. వారికి కావలసిన కార్యక్రమం చేతిఫోనులో నేరుగా తెరుచుకుంటుంది. అది ఏ కేంద్రం నుండి వస్తున్నదని వారు అడగరు. కాని వారి తల్లిదండ్రులకు టెలివిజన్ అనగానే మొదట స్ఫురించేది ఒక గుండ్రని కన్ను, దానితోపాటు సాగే సన్నాయి నాదం.

ప్రసార కేంద్రం తానెవరో తెలుపుకొనే చిన్న దృశ్యాన్ని లేదా స్వరాన్ని కేంద్రపు గుర్తు అంటారు. ఈ ఆచారం రేడియోతోనే మన ఇళ్ళకు వచ్చింది. తెల్లవారుజామున ఆకాశవాణి ప్రారంభానికి ముందు వినవచ్చే స్వరం శివరంజని రాగచ్ఛాయలో ఉంటుంది. దానిని కూర్చినవాడు వాల్టర్ కౌఫ్‌మన్. యూరపులో యూదులపై వేధింపులు పెచ్చరిల్లిన కాలంలో బొంబాయి చేరి, ఆకాశవాణిలో పనిచేసిన సంగీతజ్ఞుడు ఆయన. ఏ దేశం నుండో ఆశ్రయం కోరి వచ్చినవాని స్వరంతో మన పల్లెలు దశాబ్దాల తరబడి నిద్ర లేచాయి.

దృశ్యరూపమైన గుర్తుకు ఇంగ్లండులోని బి.బి.సి. 1953లోనే నాంది పలికింది. ఏబ్రమ్ గేమ్స్ అనే చిత్రకారుడు రూపొందించిన ఆ గుర్తు, గబ్బిలం రెక్కలను పోలిన ఒక యంత్రపు బొమ్మ. దానిని కదిలిస్తూ ఎదుట కెమెరా నిలిపి చిత్రించారు. కంప్యూటరు లేని కాలంలో గుర్తు కదలాలంటే వస్తువే కదలాలి, లేదా ఒక్కొక్క బొమ్మే గీయాలి.

మన దేశంలో రెండవ పద్ధతిని అనుసరించారు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ఆరంభమైన టెలివిజన్ చాలాకాలం ఆకాశవాణిలో ఒక భాగంగానే ఉండేది. 1976 ఏప్రిల్ 1న అది విడివడి దూరదర్శన్ అయినది. వేరు కాపురానికి వేరు గుర్తు కావాలి కదా! అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ అధ్యాపకులు, విద్యార్థులు గీసిన నమూనాలలో నుండి దేవాశిస్ భట్టాచార్య అనే విద్యార్థి గీసినది ఎంపికైనది. మధ్యలో ఒక గోళం, దానిని చుట్టి రెండు వంపులు. మొత్తం చూస్తే మనిషి కన్ను. ఆ సంస్థలోనే ఆర్.ఎల్. మిస్త్రీ ఆ బొమ్మ ప్రతులను కెమెరా కింద ఉంచి, తిప్పుతూ చిత్రించి, తుదకు కన్నుగా కుదురుకొనేటట్లు చేశారు. పండిట్ రవిశంకర్, సన్నాయి విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుసేన్ ఖాన్ కలిసి స్వరాన్ని సమకూర్చారు. చదువుకుంటున్న కుర్రవాని గీతకు ఇంతటి ఆయుష్షు కలగడం అరుదు.

ఇక మన ప్రాంతపు కథ. కృత్రిమ ఉపగ్రహం ద్వారా పల్లెలకు పాఠాలు, వ్యవసాయ విషయాలు చూపించే ప్రయోగం 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు సాగింది. ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో పంచాయతీ కార్యాలయాల వద్ద, బడుల వద్ద సామూహిక టెలివిజన్ పెట్టెలు నెలకొల్పారు. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు, కర్ణాటకకు చెందిన రాయచూరు, గుల్బర్గా జిల్లాల పల్లెలు ఉన్నాయి. ఒకే దృశ్యానికి రెండు శబ్దమార్గాలు జతచేసే సౌకర్యం ఆ ఉపగ్రహానికి ఉండేది. ఒక ఊరు తెలుగులోను, హద్దుకు ఆవలి ఊరు కన్నడంలోను ఒకే బొమ్మను చూడడానికి వీలు కల్పించిన ఏర్పాటు అది. ఏడాది గడిచాక ఉపగ్రహం తరలిపోయింది. 1977లో హైదరాబాదు కేంద్రం, 1981 నవంబరు 1న బెంగళూరు కేంద్రం ఆరంభమయ్యాయి.

ఇక్కడే సరిహద్దు కుటుంబాలకు చిక్కు వచ్చిపడింది. భూతల ప్రసార తరంగాలు ఇంచుమించు సరళరేఖలో పయనిస్తాయి. కొండ అడ్డమైనా, దూరం వంద కిలోమీటర్లు దాటినా బొమ్మ చుక్కలు చుక్కలుగా చెదిరిపోతుంది. హిందూపురానికి బెంగళూరు ఇంచుమించు వంద కిలోమీటర్లు, హైదరాబాదు నాలుగు వందలకు పైమాటే. రాష్ట్రాల హద్దులు తరంగాలకు తెలియవు. ఇంటిపై యాంటెన్నాను ఎటు తిప్పితే ఆ భాష ఇంటిలోకి వస్తుంది. ఒకరు మిద్దెపై గొట్టం తిప్పడం, ఒకరు వాకిట నిలిచి కేకవేయడం, ఒకరు పెట్టె ముందు కూర్చొని తీర్పు చెప్పడం నాటి నిత్యకృత్యం. ప్రసారం మొదలుకాకముందు కనిపించే రంగుల పట్టీలు, తరువాత తిరిగే కన్ను ఆ తీర్పుకు ఆధారాలు. కంటి అంచులు స్పష్టంగా కనబడితే యాంటెన్నా కుదిరినట్లే. కళాఖండమని అందరూ మెచ్చుకొనే ఆ గుర్తు, పల్లెలో ఒక కొలబద్దగా కూడా పనిచేసింది.

తొంభైలలో తీగ ప్రసారాలు వచ్చాయి. 1994లో ఉదయ, 1995లో జెమిని, ఈటీవీ ఒకే తీగపై చేరాయి. మీట నొక్కితే కేంద్రం మారే రోజులలో, ఆరంభంలో ఒకసారి కనిపించి వెళ్ళే గుర్తు చాలదు. అందుచేత తెర మూలన ఎడతెగక నిలిచే చిన్న ముద్ర స్థిరపడింది. దూరదర్శన్ ప్రాంతీయ ఉపగ్రహ ప్రసారాలకు మొదట అంకెలే పేర్లు: తెలుగుకు డి.డి.8, కన్నడానికి డి.డి.9. అంకెకు భాష లేదు, ఊరు లేదు. తరువాత పెట్టిన పేర్లు ఆ కొరత తీర్చాయి. కన్నడానికి చందన, తెలుగుకు సప్తగిరి, తమిళానికి పొదిగై. రాష్ట్ర విభజన పిమ్మట 2014లో తెలంగాణకు యాదగిరి వచ్చింది. పొదిగై మాత్రం 2024 జనవరిలో డి.డి. తమిళ్‌గా మారింది. కొండల పేర్ల నడుమ గంధపు చెట్టు ఒకటి నిలవడం కర్ణాటకకు తగినదే. పైగా 'చందన' అన్న మూడక్షరాలు కన్నడ లిపిలో వ్రాసినా తెలుగు చదువరికి ఇట్టే బోధపడతాయి. సరిహద్దు పిల్లలకు రెండు లిపుల సామ్యాన్ని చూపడానికి ఇంతకన్న తేలికైన పాఠం దొరకదు.

పాత కన్నును మార్చాలన్న ప్రయత్నం జరగకపోలేదు. 2017లో కొత్త నమూనాలకై పోటీ పెట్టగా పదివేలకు పైగా వచ్చాయి. అయినను పాతదే నిలిచింది. 2024 ఏప్రిల్‌లో డి.డి. న్యూస్ గుర్తు ఎరుపు నుండి కాషాయానికి మారినప్పుడు దేశమంతటా వాదోపవాదాలు చెలరేగాయి. రంగుపై అంత చర్చ జరగడమే ఆ గుర్తుపై జనానికి ఉన్న స్వంతభావానికి నిదర్శనం.

2022 నాటికి దూరదర్శన్ పాత భూతల ట్రాన్స్‌మిటర్లలో అత్యధిక భాగం మూతపడ్డాయి. యాంటెన్నా గొట్టాలు పందిరి గుంజలైనాయి. ఇప్పుడు నెలసరి రుసుము లేని డి.డి. ఫ్రీ డిష్ పళ్ళెంతో చందన, సప్తగిరి, యాదగిరి మూడూ ఒకే ఇంటిలో లభిస్తున్నాయి. ఏ దిక్కుకు తిప్పాలన్న తగవు తీరింది. అయితే ఆ పెట్టెలో చానళ్ళ వరుస అప్పుడప్పుడు మారుతుంది. నిన్నటి అంకె నొక్కితే నేడు వేరొకటి రావచ్చు. అట్టి వేళ మెనూలోకి వెళ్ళి మరల స్కాన్ చేయాలి. పిల్లలు పట్నంలో ఉన్న ఇళ్ళలో ఆ పని పొరుగువారికి అప్పగించినా, వరుసగా మీట నొక్కుతూ పోయి, మూలనున్న ముద్రను చూసి తమ చానలును పోల్చుకొనేది అక్షరం రాని అవ్వలే.