మొక్కజొన్నలో లైసిన్ కొలతకు చౌకైన విద్యుద్రసాయన బయోసెన్సర్లు

మొక్కజొన్న మాంసకృత్తులలో ఆవశ్యక అమైనో ఆమ్లాలైన లైసిన్, ట్రిప్టోఫాన్ కొరవడి ఉంటాయి. సాధారణ రకాల మాంసకృత్తులలో లైసిన్ సుమారు 2 శాతం మాత్రమే. ఒపేక్-2 జన్యువు గల గింజలలో ఇది దాదాపు రెట్టింపు ఉంటుందని అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1964లో వెల్లడించారు. కానీ ఆ గింజలు మెత్తగా ఉండి పురుగులకు సులభంగా లొంగేవి. మెక్సికోలోని సిమ్మిట్ సంస్థలో సురీందర్ వాసల్, ఇవాంజెలీనా విల్లెగాస్ ఈ లోపాన్ని సవరించి, గట్టి గింజ గల నాణ్యమైన మాంసకృత్తుల మొక్కజొన్నను రూపొందించారు. ఇందుకు 2000లో వారికి ప్రపంచ ఆహార బహుమతి లభించింది.

గింజ గట్టిపడటంతో కొత్త చిక్కు ఏర్పడింది. నాణ్యమైన గింజ, సాధారణ గింజ చూపునకు ఒకేలా ఉంటాయి. పైగా ఒపేక్-2 అంతర్గత లక్షణం. పొరుగు పొలంలోని సాధారణ మొక్కజొన్న పుప్పొడి సోకిన గింజలలో ఆ నాణ్యత నిలవదు. కనుక ప్రజననకారులకు, విత్తనోత్పత్తిదారులకు రసాయన పరీక్ష అవసరం. అమైనో ఆమ్ల విశ్లేషణ యంత్రం కచ్చితమైనదే అయినా, వందల నమూనాలను దానిపై పరీక్షించడం ఖర్చుతో, కాలయాపనతో కూడిన పని.

ఇక్కడే బయోసెన్సర్ ఉపకరిస్తుంది. మధుమేహ పరీక్ష పట్టీ వలె ముద్రించిన కార్బన్ ఎలక్ట్రోడుపై లైసిన్ ఆక్సిడేజ్ ఎంజైమును స్థిరపరుస్తారు. నమూనాలోని లైసిన్ ఆక్సిజన్‌తో చర్య జరిపినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ వెలువడుతుంది. ఎలక్ట్రోడు వద్ద దాని వలన పుట్టే విద్యుత్ ప్రవాహం, నిర్ణీత అవధిలో, లైసిన్ గాఢతకు అనులోమంగా ఉంటుంది. ఎలక్ట్రోడుపై ప్రష్యన్ బ్లూ పూత ఉంటే తక్కువ వోల్టేజి వద్దనే పెరాక్సైడును గుర్తించవచ్చు. అప్పుడు ఫినాలిక్ పదార్థాల ఆటంకం తగ్గుతుంది.

అయితే ఎంజైము స్వేచ్ఛా లైసిన్‌ను మాత్రమే గుర్తిస్తుంది. గింజలోని లైసిన్ అధిక భాగం మాంసకృత్తులలో బంధితమై ఉంటుంది. అందువలన పిండిని 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 24 గంటలు జలవిశ్లేషణ చేసి, తటస్థపరచిన పిదపనే కొలవాలి. ఈ ప్రక్రియలో ట్రిప్టోఫాన్ నశిస్తుంది గనుక దానికి వేరే పద్ధతి అనుసరించాలి. ఎంజైము ఆర్నిథిన్ వంటి ఆమ్లాలతోనూ కొంత చర్య జరుపుతుంది. వేడికి క్రమేణా శక్తి కోల్పోతుంది. కాబట్టి పట్టీలను చల్లని చోట భద్రపరచి, ప్రతి విడతలోనూ తెలిసిన గాఢత గల లైసిన్ ద్రావణంతో సరిచూడాలి.

ఫలితాన్ని గింజ బరువులో శాతంగా మాత్రమే చెప్పడం తగదు. మొత్తం మాంసకృత్తులు పెరిగినా ఆ అంకె పెరుగుతుంది. నత్రజనిని కూడా కొలిచి, మాంసకృత్తులలో లైసిన్ శాతంగా లెక్కించినప్పుడే నాణ్యత తెలుస్తుంది.

ఈ పరిమితుల దృష్ట్యా బయోసెన్సర్‌ను తొలి వడపోతకు వినియోగించి, ఎంపికైన కొద్ది వరుసలను మాత్రమే విశ్లేషణ యంత్రంపై ధ్రువీకరించుకోవడం సముచితం. సెన్సర్ పట్టీ చౌకైనది. కానీ నమూనా తయారీలో శ్రద్ధ తగ్గితే ఆ చౌకదనం వలన ప్రయోజనం ఉండదు.