చెడిన ఉత్తరపు పెట్టెను బాగుచేయు విధము

మన కంభము, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములందు ఈ-మెయిల్ అను మాట వినని యిల్లు నేడు అరుదు. బెంగుళూరునందో, హైదరాబాదునందో, సముద్రముల కావలనో ఉద్యోగము చేయు బిడ్డల నియామక పత్రములు, బ్యాంకు లెక్కలు, ఆసుపత్రి నివేదికలు ఆ మార్గముననే వచ్చుచున్నవి. కాగితపు జాబు తడిసినను, చినిగినను చేతికి తెలియును. ఈ జాబు చెడుట కంటికి కానరాదు. ఒకనాడు పెట్టె తెరువగా పదియేండ్ల జాబులు లేవని యంత్రము చెప్పును. అట్టి సమయమున నిజముగా పోయినదేమి, నిలిచినదేమి, బాగుచేయువారు ఏ క్రమమున పని చేయవలెను అను విషయమును నేడు మనవి చేసెదను.

ఈ-మెయిల్ జాబునకు ఆశ్రయము మన చేతిలోని ఫోను కాదు. జాబులను పుచ్చుకొని, దాచి, అడిగినపుడు అందించుటకై రేయింబవళ్లు మేల్కొనియుండు కంప్యూటరు వేరొకటి కలదు. దానిని సర్వరు అందురు. మన తపాలా కచేరి వంటిదని తలపుడు. 1971లో రే టామ్లిన్‌సన్ అను అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు ఇట్టి జాబును మొదట పంపెను. చిరునామాలో పేరునకును స్థానమునకును నడుమ 'ఎట్' అను గుర్తు నుంచినవాడును ఆయనయే. మన దేశమున 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ఇంటర్నెట్టును ప్రజలకు అందించుట మొదలిడినది.

సర్వరునందలి పెట్టెలో రెండు వస్తువులు కలవు: జాబులొకటి, జాబుల పట్టిక యొకటి. ఈ భేదము తెలిసినచో సగము భయము తీరును. 1984లో కరణీకము రద్దగువరకు మన గ్రామములందు కరణముగారి యొద్ద అడంగలు ఉండెడిది. ఏ సర్వే నంబరున ఎవరి పొలము, ఎన్ని సెంట్లు, ఏ పైరు అని అందు వ్రాయబడెడిది. అడంగలును చెదలు తిన్నంతమాత్రమున పొలము పోదు గదా! పొలము తిరిగి చూచి క్రొత్త అడంగలు వ్రాసికొనవచ్చును. సర్వరు పట్టికయు నట్టిదే. ఏ జాబు ఎచ్చట నున్నది, ఎవరు పంపినది, చదువబడినదా లేదా అని యంత్రము అందు వ్రాసికొనును. పెట్టె తెరచినపుడు వేగము కొఱకు మొదట ఆ పట్టికనే చూచును. పట్టిక చెడినచో జాబులు క్షేమముగా నున్నను లేవనియే చెప్పును. అపుడు పాత పట్టికను తీసివేసి, జాబులన్నిటిని తిరుగజూచి క్రొత్తది వ్రాయుమని ఆజ్ఞాపించిన చాలును. ఫిన్లండు దేశీయుడు టిమో సిరైనెన్ 2002లో వెలువరించిన డవ్‌కాట్ అను సర్వరు కార్యక్రమమున ఇందుకై ప్రత్యేకమైన ఆజ్ఞ కలదు.

జాబులే చెడినపుడు పని కష్టము. పూర్వపు పద్ధతిలో ఒక మనిషి జాబులన్నియు ఒకే పొడవైన కాగితపు చుట్టవలె ఒకదాని క్రింద నొకటి వ్రాయబడెడివి. 'ఫ్రమ్' అను మాటతో మొదలగు పంక్తియే క్రొత్త జాబునకు హద్దు. వ్రాయుచుండగా విద్యుచ్ఛక్తి పోయినను, రెండు కార్యక్రమములు ఒకేసారి ఆ చుట్టపై చేయిపెట్టినను హద్దులు చెరగి ఒక జాబు మరియొకదానిలో కలియును. గట్టు తెగిన రెండు మళ్లవలె నగును. ఈ కష్టమును తప్పించుటకు డేనియల్ బెర్న్‌స్టైన్ అను అమెరికా గణితవేత్త వేరొక పద్ధతిని కనిపెట్టెను. ఆయన పద్ధతిలో ప్రతి జాబునకును వేరు దస్త్రము. జాబు మొదట ఒక తాత్కాలికపు అరలో పూర్తిగా వ్రాయబడును. ముగిసిన పిమ్మటనే అసలు అరలోనికి మార్చబడును. నడుమ యంత్రమాగినచో సగము వ్రాసినది తాత్కాలికపు అరలోనే మిగులును. తక్కిన జాబులకు చెఱుపు రాదు.

పెద్ద కార్యాలయములందు జాబులు ఒక మహాగ్రంథము వంటి నిధిలో పుటలు పుటలుగా నుండును. 1996లో వెలువడిన మైక్రోసాఫ్టువారి ఎక్స్‌చేంజి ఇట్టిది. మన వర్తకులు మొదట చిట్టాలో వ్రాసి, తీరికగా ఆవర్జాలోనికి ఎత్తినట్లే, ఈ యంత్రమును ప్రతి మార్పును ముందు ఒక చిట్టాలో వ్రాసి, తరువాత నిధిలో చేర్చును. ప్రతి పుటకును కూడిక వంటి సంఖ్య యొకటి యుండును. పుట చదివి కూడినపుడు ఆ సంఖ్య సరిపడనిచో ఏదియో మారినదని తెలియును. యంత్రము హఠాత్తుగా నాగినపుడు చిట్టాను మరల చదివించి నిధిని సరిచేయుట మృదువైన చికిత్స. చిట్టా సరిగానున్నచో జాబు పోదు. చిట్టాయు చెడినపుడు, చదువరాని పుటలను పారవైచి మిగిలినవానిని కూర్చు కఠినమైన ఆజ్ఞ మరియొకటి కలదు. అది కాలు తీసి ప్రాణము నిలుపు శస్త్రచికిత్స వంటిది. పారవైచిన పుటలోని జాబు మరల రాదు. కావున దానిని అన్నిటికంటె చివర చేయవలెను.

ఈ పనిలో తొందర మిక్కిలి ప్రమాదకరము. గుండ్లకమ్మ, జంపలేరుల నీటితో నిండు మన కంభము చెరువును ఎఱిగినవారికి ఈ మాట క్రొత్త కాదు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు వారసత్వ నిర్మాణముగా గుర్తించిన చెరువది. దాని క్రింద సేద్యము చేయు రైతు కాలువకు గండి పడినచో నీరు పారుచుండగా మట్టి పోయడు. ముందు పైన నీటిని కట్టును. సర్వరునందును మొదట ఆ పెట్టెలోనికి జాబులు వచ్చుటను ఆపవలెను. ఆపినచో ఆ దినముల జాబులు పోవునని భయపడ నక్కఱలేదు. పంపిన సర్వరు జాబును తనయొద్దనే యుంచుకొని మాటిమాటికి ప్రయత్నించును; సాధారణముగా నాలుగైదు దినములవరకైనను విడువరాదని నియమము. రెండవది, చెడిన పెట్టెను చెడినట్లుగానే వేరొకచోటికి నకలు తీయవలెను. మూడవది, మార్పు చేయక పరీక్ష మాత్రము చేయవలెను. 2010 నుండి ఎక్స్‌చేంజియందు అట్టి పరీక్షకు ఏర్పాటు కలదు. నాలుగవదిగా చికిత్స చేయవలెను. అదియు సాధ్యమైనంతవరకు నకలుపైననే.

మన ప్రాంతమున ఒక కార్యాలయమందు ఈ క్రమము ఫలించుట నేను చూచితిని. వేసవిలో ఒకరాత్రి విద్యుత్తు పోయి సర్వరు ఆగినది. ఉదయమున ఒక గుమాస్తా పెట్టె శూన్యముగా కనబడినది. గడువులోపల వచ్చిన పింఛను దరఖాస్తులు అందున్నవి. అవి లేనిచో గడువులో పంపితిమని వృద్ధులు ఋజువు చూపజాలరు. అచ్చటి యువకుడొకడు వెంటనే మరమ్మతు ఆజ్ఞ నీయబోగా పైయధికారి వారించి, "ముందు నకలు తీయుము నాయనా, తరువాత నీ యిష్టము" అనెను. నకలు తీయుటకే మధ్యాహ్నమైనది. పరీక్షింపగా చెడినది పట్టికయే యని తేలినది. రెండు దరఖాస్తులు మాత్రము చదువరాకపోయినవి. పంపినవారి పెట్టెలలో వాని ప్రతులు తేదీలతో సహా నిలిచియుండుటచే వారు మరల పంపిరి. జాబునకు పంపినవాని యొద్ద నొక ప్రతి, పుచ్చుకొన్నవాని యొద్ద నొక ప్రతి యుండుట ఈ తపాలాలోని గొప్ప మేలు.

అయినను ఎంత నేర్పరియైనను లేని జాబును పుట్టింపలేడు. 2011 ఫిబ్రవరి 27వ తేదీన గూగుల్ వారి జీమెయిల్‌నందు కొందఱి పెట్టెలు ఒక్కసారిగా శూన్యములైనవి. తమ ఖాతాదారులలో నూటికి 0.02 వంతు మందికి ఇట్లు జరిగినదని ఆ సంస్థయే ప్రకటించినది. నిలువ కార్యక్రమమును క్రొత్తగా మార్చినపుడు దానిలో నున్న దోషము కారణము. పలుచోట్ల నుంచిన ప్రతులును ఆ దోషముచే చెడినవి. అవన్నియు ఒకదానితో నొకటి ముడిపడి యుండుటయే అందుకు హేతువు. తుదకు, యంత్రములతో సంబంధము లేక వేరుగా దాచిన టేపులనుండి జాబులను తిరిగి తీసిరి. విత్తనమును తినుబడి ధాన్యముతో ఒకే గాదెలో పోయు రైతు లేడు. గాదెకు పురుగు పట్టినచో రెండును పోవును. విత్తనము వేరు కుండలో నుండవలెను. జాబుల ప్రతియు నట్లే.

కావున పెద్దలు తమ బిడ్డలను, సహకార సంఘముల వారిని, కచేరీల వారిని రెండు ప్రశ్నలు అడుగవలెనని నా మనవి. మన జాబుల ప్రతి వేరుచోట నున్నదా? ఆ ప్రతినుండి ఎన్నడైనను తిరిగి తీసి చూచితిరా? మొలక చూడని విత్తనమును నమ్మి దుక్కి దున్నువాడు లేడు గదా. పొలము పత్రములు, పింఛను కాగితములు, బిడ్డల యోగ్యతా పత్రములు జాబుగా వచ్చినయెడల అచ్చు తీయించి పెట్టెలో నుంచుకొనుడు. పెట్టె శూన్యమని యంత్రము చెప్పిన దినమున మాత్రము తొందరపడి ఏ మీటయు నొక్కకుడు, ఎవరిని నొక్కనీయకుడు. అడంగలు పోయిన దినమున పొలము పోయినదని యేడ్చుట తగదు. ముందు గట్టు మీదికి వెళ్లి చూడవలెను.