ఫైలు పేర్లు: యంత్రముల మధ్య భేదములు

ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరునకు ఫైలును చేర్చుట నేడు తపాలాపెట్టెలో ఉత్తరము వేయుటకన్న సులభము. అయినను నాకు ఎదురైన ఒక అనుభవము వలన ఈ విషయమై నాలుగు మాటలు వ్రాయవలెనని తోచినది.

లినక్స్ గల కంప్యూటరులో నా వ్యాసము యొక్క సాపుప్రతి, చిత్తుప్రతి రెండును ఒకే పేరుతో ఉండెను. మొదటిదాని పేరు పెద్దబడి ఇంగ్లీషు అక్షరముతోను, రెండవదాని పేరు చిన్నబడి అక్షరముతోను ఆరంభమగును, భేదమంతయు ఇంతే. రెండింటిని ఒకదాని వెనుక ఒకటి పెన్ డ్రైవులోనికి కాపీ చేసి, మూలములను చెరిపివేసితిని. తరువాత విండోస్ కంప్యూటరులో తెరచి చూడగా ఒక్క ఫైలే కలదు. అది చిత్తుప్రతి!

ఇది యంత్రము చెడిపోవుట వలన కలిగిన నష్టము కాదు. ఫైలు పేరు అందలి విషయములో భాగము కాదు. గ్రంథాలయపు పట్టికలో వ్రాసుకొన్న పుస్తకము పేరు వంటిది. ఆ పట్టికకే డైరెక్టరీ అని పేరు. దానిని ప్రతి వ్యవస్థయు తన నియమముల ప్రకారమే వ్రాసికొనును. 1981లో వచ్చిన ఎం.ఎస్. డాస్ పేరునకు 8 అక్షరములు, చుక్క తరువాత 3 అక్షరములు మాత్రమే ఇచ్చి, అన్నింటిని పెద్దబడిలోనే వ్రాసికొన్నది. 1995లో విండోస్ 95 పొడుగు పేర్లను అనుమతించినది. అయినను పాత ప్రోగ్రాముల కొరకు వాని వెనుక పొట్టి పేర్లను దాచియుంచినది. '~1' అని ముగియు వింత పేర్లు అవియే. పేరును వ్రాసినది వ్రాసినట్లు చూపును గాని, వెదకునప్పుడు పెద్దబడి, చిన్నబడి రెండును దానికి ఒకటే. పెన్ డ్రైవులలో సాధారణముగా వాడు పట్టిక పద్ధతియు ఇదియే. యూనిక్స్ వంశమునకు చెందిన లినక్స్ కు మాత్రము అవి వేర్వేరు అక్షరములు.

విండోస్ \ / : * ? " < > | అను 9 గుర్తులను పేరులో అంగీకరింపదు. పేరులో 10:30 అని వేళ వ్రాసిన లినక్స్ ఫైలు అచ్చట గడప వద్దనే ఆగిపోవును. ఆ మొండితనమే మేలు. నా వ్యాసమునకు ఆపాటి హెచ్చరికయు దక్కలేదు.

మన భాషలలో పేరు పెట్టువారికి మరొక చిక్కు కలదు. లినక్స్ లో పేరునకు సామాన్యముగా 255 బైట్లు హద్దు. యూనికోడ్ యొక్క యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు, తెలుగు అక్షరమునకు 3 బైట్లు పట్టును. గుణింతపు గుర్తు, పొల్లు సైతము లెక్కకు వచ్చును గనుక 'స్త్రీ' అను ఒక్క మాటకే 18 బైట్లు. ఆ లెక్కన తెలుగు పేరునకు 85 గుర్తులే చెల్లును. విండోస్ బైట్లను గాక గుర్తులను లెక్కించి 255 వరకు ఇచ్చును. కావున అచ్చట హాయిగా ఉన్న పొడుగు తెలుగు పేరు ఇచ్చట నిలువదు. ఇంతేకాదు, ఐత్వమును యూనికోడ్ లో ఒకే గుర్తుగా గాని, రెండు గుర్తులుగా గాని వ్రాయవచ్చును. ఉర్దూ అలిఫ్ మద్ సంగతియు అంతే. కంటికి ఒకటిగా కనబడు ఆ రెండు పేర్లను లినక్స్ రెండు ఫైళ్లుగా ఎంచును.

ఇప్పుడు నేను ఫైళ్లకు చిన్నబడి ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, అడ్డగీత మాత్రమే వాడుచున్నాను. తెలుగు శీర్షిక ఫైలు లోపలి తొలి పంక్తిలో ఉండును. రెండువైపుల ఫైళ్లను లెక్కించి, తెరచి చూచినగాని మూలములను చెరుపుట లేదు.