బ్లౌజ్ ప్యాటర్న్ కొంటున్నారా? కత్తెర పెట్టే ముందు ఇది చూడండి

ఉప్పల్, నాచారం గల్లీల్లో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుట్టేవాళ్లు చాలామంది ఉంటారు కదా. కొత్తగా నేర్చుకునేవాళ్లకి డ్రాఫ్టింగ్ అంటే కొంచెం భయం. అందుకే రెడీమేడ్ పేపర్ కటింగ్ కొంటారు, లేదంటే ఫోన్‌లో పీడీఎఫ్ దించుకుంటారు. మంచిదే. కానీ పేపర్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. కస్టమర్ ఇచ్చిన పట్టుచీర బ్లౌజ్ పీస్ పాడైతే? అదే పీస్ మళ్లీ దొరకదండి. అందుకే ఈరోజు నాలుగు విషయాలు చెప్తాను.

మొదటిది సైజు. కుర్తీ మీద ఎం, ఎల్ చూసి ప్యాటర్న్ ఆర్డర్ పెట్టకండి. టేప్ తీసి చెస్ట్, అప్పర్ చెస్ట్, నడుము, షోల్డర్ కొలవండి. సింప్లిసిటీ, వోగ్ లాంటి అమెరికన్ ప్యాటర్న్‌లలో లేడీస్ సైజు 12 అంటే 34 ఇంచుల చెస్ట్, 14 అంటే 36. చూశారా, నంబర్ వేరు, కొలత వేరు. మన పేపర్ కటింగ్ మీద 36 అని ఉంటే అది ఒంటి కొలతా, లూజ్ కలిపిన బ్లౌజ్ కొలతా? అది అడిగాకే డబ్బులు కట్టండి.

రెండోది కుట్టు మార్జిన్. అమెరికన్ ప్యాటర్న్‌లలో మామూలుగా 5/8 ఇంచు, అంటే దాదాపు 1.5 సెంటీమీటర్లు, కలిపే ఇస్తారు. బుర్దా మ్యాగజైన్ ప్యాటర్న్‌లలో కలపరు, మనమే వేసుకోవాలి. మార్జిన్ ఉందనుకుని లేని పేపర్ మీద కట్ చేస్తే బ్లౌజ్ టైట్ అయిపోతుంది.

మూడోది ప్రింట్. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పీడీఎఫ్‌ని జిరాక్స్ షాపుకి వాట్సాప్ చేస్తాం. ఆ సిస్టమ్‌లో 'ఫిట్' అనే సెట్టింగ్ ఉంటే పేజీ కొంచెం చిన్నదిగా వస్తుంది. 95 శాతానికి తగ్గిందనుకోండి, 36 ఇంచులు కాస్తా 34.2 అవుతుంది. కంటికి తెలియదు, ఒంటికి తెలుస్తుంది! మన ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా ట్రైనింగ్ సంస్థ ఉంది. మ్యాప్‌కి స్కేల్ ఎంత ముఖ్యమో ప్యాటర్న్‌కీ అంతే.

అందుకే 'యాక్చువల్ సైజ్' లేదా 100 శాతం అని షాపులో చెప్పండి. అన్ని పేజీలూ తీయించకుండా, ముందు టెస్ట్ బాక్స్ ఉన్న పేజీ ఒక్కటే తీయించి అక్కడే స్కేలుతో కొలవండి. 5 సెంటీమీటర్ల బాక్స్ 5 రావాలి, 4.75 వస్తే వద్దు. ఏ4 కాగితాలు అతికించే ఓపిక లేదా? ప్యాటర్న్‌తో పాటు ఏ0 ఫైల్ ఇచ్చారేమో చూడండి. బిల్డింగ్ ప్లాన్లు ప్రింట్ తీసే షాపులో అది పెద్ద షీట్ మీద వస్తుంది.

నాలుగోది, ప్రింటెడ్ కొనాలా, పీడీఎఫ్ కొనాలా? ప్రింటెడ్ అయితే అతికించే పని ఉండదు. కానీ ఒకే షీట్‌లో అన్ని సైజులూ ఉంటే నేరుగా కత్తిరించకండి, మీ సైజు వేరే పేపర్ మీద ట్రేస్ చేసుకోండి. లేదంటే మిగతా సైజులు పోతాయి. పీడీఎఫ్ అయితే ఎన్నిసార్లైనా ప్రింట్ తీసుకోవచ్చు. కానీ కుట్టి అమ్ముకోవడానికి పర్మిషన్ ఉందో లేదో కొనేముందే చదవండి.

ఏది కొన్నా, మొదటి బ్లౌజ్ కోరా గుడ్డ మీదో పాత కాటన్ చీర మీదో కుట్టి వేసి చూడండి. చంక దగ్గర పట్టినా, షోల్డర్ జారినా ఆ పేపర్ మీదే సరిచేసుకోండి. పట్టు ఆ తర్వాతే.

మీ డౌట్స్ కామెంట్‌లో పెట్టండి. మళ్లీ కలుద్దాం, బై!