మంత్రం దండానిది, తాకడం మనది

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల దగ్గర కొత్తగా కూర్చున్నవాళ్లకు తికమక పుట్టించే ఘట్టం ఒకటుంది. పాత్ర చేతిలో మంత్రదండం ఉంది. అందులో ఉన్నదేమో శత్రువును తాకితేనే పనిచేసే మంత్రం. దండం చూపిస్తే సరిపోతుందా? దాంతో పొడవాలా? చేత్తో ముట్టుకోవాలా? గురి తప్పితే మంత్రం వృథా అయినట్టేనా?

ఈ ఆట ఆడనివారి కోసం కాస్త చెబుతాను. కొందరు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, కథను మాటలతో నడుపుతారు. ఫలితం ఎటు తేలుతుందో తెలియని చోట పాచికలు వేస్తారు. తీర్పు చెప్పే వ్యక్తిని డంజియన్ మాస్టర్ అంటారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో వచ్చిన ఈ ఆట నియమాలు చాలాసార్లు మారాయి. ఇక్కడ చెప్పేవి 2003 నాటి 3.5 ఎడిషన్ నియమాలు. 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ కూడా ఈ విషయంలో ఇంచుమించు ఇదే దారిలో నడుస్తుంది.

దండంలో ఒకే మంత్రం ఉంటుంది, అదీ నాలుగో స్థాయి దాటనిది. కొత్త దండంలో 50 ఛార్జీలుంటాయి. వాడిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. దండాన్ని చేత పట్టుకుని, గురి వైపు చూపి, ఒక మాట పలకాలి. అయితే అందరికీ పలకదు. ఆ మంత్రం మన పాత్ర తరగతికి (మాంత్రికుడు, దొంగ లాంటి వర్గానికి) ఉండే మంత్రాల జాబితాలో ఉండాలి. జాబితాలో ఉంటే, దాన్ని సొంతంగా వేసే దశకు ఇంకా చేరకపోయినా ఫరవాలేదు. పవిత్ర యోధురాలైన మూడో స్థాయి పాలడిన్‌కు సొంతంగా మంత్రాలు రావు, అయినా గాయాలు మాన్పే దండం ఆమె చేతిలో చక్కగా పనిచేస్తుంది. జాబితాలో లేని దొంగ పాత్ర అయితే యూజ్ మ్యాజిక్ డివైస్ అనే నైపుణ్యంతో పాచిక వేసి 20 సాధించాలి.

ఇక అసలు సంగతి. దండం మంత్రం వేసే పనిని మాత్రమే తన మీద వేసుకుంటుంది. తాకే పని మనకే మిగులుతుంది. ఈ ఒక్కటీ మనసులో పెట్టుకుంటే మిగతా చిక్కులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి. మంత్రం దండంలోంచి బయటికొచ్చి, దాన్ని పట్టుకున్న మనిషిలో నిలుస్తుంది. అందుకే తాకేది మనిషి. దండం కొసతో తాకనివ్వమని అడిగేవారుంటారు. డంజియన్ మాస్టర్ ఒప్పుకుంటే ఆటకొచ్చే నష్టం పెద్దగా లేదు కానీ, నా ఉద్దేశంలో ఖాళీగా ఉన్న చేత్తో తాకడమే నియమం తీరుకు దగ్గర.

దండం వాడిన వంతులోనే తాకే ప్రయత్నమూ చేయొచ్చు, దానికి వేరే ఖర్చు లేదు. మధ్యలో శత్రువు దగ్గరికి నడిచి వెళ్లొచ్చు కూడా. శత్రువు పక్కనే నిలబడి మామూలుగా మంత్రం వేస్తే అతనికి మధ్యలో ఒక దెబ్బ వేసే అవకాశం దొరుకుతుంది. దండం వాడితే దొరకదు. మంత్రం నిండిన చేయి ఆయుధంతో సమానం కాబట్టి తాకబోయినప్పుడూ దొరకదు. బలహీనమైన మాంత్రికుడికి ఇది చిన్న వరం కాదు.

తాకడం ఎంత తేలికో లెక్కేసి చూడండి. నిండు ఉక్కు కవచం, బరువైన డాలు, కాస్త చురుకుదనం ఉన్న యోధుడి రక్షణ అంకె, అంటే దాడి చేసేవాడు పాచికతో అందుకోవాల్సిన అంకె, 21. తాకడానికి మాత్రం కవచం, డాలు లెక్కలోకి రావు. కవచం మీద చేయి పడినా తాకినట్టే కదా! అప్పుడు అంకె 11కి దిగుతుంది. దాడికి 2 కలిసే మాంత్రికుడు కర్రతో కొట్టబోతే, ఇరవై ముఖాల పాచికలో రెండు ముఖాలే అతని పక్షం. తాకబోతే పన్నెండు. షాకింగ్ గ్రాస్ప్ అనే విద్యుత్ మంత్రమైతే లోహ కవచం తొడిగినవాడి మీద మరో 3 కలుస్తుంది, అప్పుడు పదిహేను.

అయినా గురి తప్పిందనుకుందాం. ఛార్జీ ఖర్చయింది, కానీ మంత్రం పోలేదు, చేతిలోనే ఉంది. తర్వాతి వంతులో దండం జోలికి పోకుండా మళ్లీ తాకబోవచ్చు. ఇది తెలియక ప్రతి వంతుకూ కొత్త ఛార్జీ తగలేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అయితే చేయి జాగ్రత్త. ఈలోగా పొరపాటున తలుపునో స్నేహితుణ్నో తాకినా మంత్రం అక్కడే దిగిపోతుంది. ఇంకో మంత్రం వేస్తే చేతిలోది ఆవిరవుతుంది. దండాన్ని రెండోసారి వాడటం కూడా ఇంకో మంత్రం వేయడం కిందికే వస్తుందా అన్నది వాదనకు తావున్న ప్రశ్న. వస్తుందనే నేనంటాను. లేకపోతే ఒకే చేతిలో మంత్రాలు పోగేసుకుంటూ పోవచ్చు, అలాంటి వెసులుబాటు నియమాల్లో ఎక్కడా కనబడదు.

కొనేటప్పుడు మంత్రం పేరు ఒక్కటే చూస్తే చాలదు. దండం చేసినవారి స్థాయే మంత్రం బలం, వాడేవారి స్థాయి కాదు. 750 బంగారు నాణేల షాకింగ్ గ్రాస్ప్ దండం ఒక్క ఆరు ముఖాల పాచికంత నష్టమే చేస్తుంది. అయిదు పాచికలంత కావాలంటే 3,750 పెట్టాలి. గాయాలు మాన్పే క్యూర్ లైట్ వూండ్స్ దండం సంగతి వేరు. 750 నాణేలకు 50 ఛార్జీలు, అంటే ఒక్కో మాన్పుకు 15 నాణేలు, సగటున అయిదున్నర పాయింట్ల ఊరట. తోటివాణ్ని తాకడానికి పాచిక కూడా అక్కర్లేదు. అదే దండం బతికున్న శవాల మీద ఆయుధమవుతుంది, కాకపోతే అప్పుడు తాకడానికి పాచిక వేయాల్సిందే.

2014 నాటి అయిదో ఎడిషన్‌లో ఇదంతా మారిపోయింది. తాకడానికి విడిగా రక్షణ అంకె లేదు, కవచం పూర్తిగా అడ్డొస్తుంది. గురి తప్పిన మంత్రాన్ని చేతిలో నిలుపుకునే వీలూ లేదు. తాకి గాయపరిచే ఇన్‌ఫ్లిక్ట్ వూండ్స్ లాంటి మంత్రం ఒకసారి తప్పిందంటే అక్కడితో సరి.